మందు కొట్టే చేతికే మైకు కావాలి

(పత్తి, మిరప పల్లెల ఇంటర్, డిగ్రీ పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, సంఘం కార్యకర్తలు కూడిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

మన పిల్లలు చదువయ్యాక ఏం చెయ్యాలి అన్న మాట మీద ఈ సభ పెట్టుకున్నాం. మన పల్లెల్లో ఈ ప్రశ్నకి నాలుగే జవాబులున్నాయి. టీచరు, నర్సు, పోలీసు, లేదంటే ఏదో ఒక ఆఫీసులో గుమాస్తా. ఈ నాలుగూ మంచివే. మేమూ అందులో ఒకదాన్ని పట్టుకునే పైకొచ్చాం. మా ఇంటి మూడు తరాల్లో వేలిముద్ర మాని సంతకం పెట్టడం మాతోనే మొదలు. కాబట్టి సర్కారు కొలువుని తక్కువ చేసి మాట్లాడ్డానికి రాలేదు.

అయితే ఈ నాలుగింటి పక్కన ఐదో పని ఒకటుంది. దాని పేరు మన పల్లెల్లో ఎవరూ ఎత్తరు. విత్తనాల గురించి, మందుల గురించి, యంత్రాల గురించి, జబ్బుల గురించి, మొత్తంగా సైన్సు గురించి వార్తలు రాసే పని. రాయడమే కాదు, గొంతుతో చెప్పే పని కూడా. పట్నాల్లో దీన్ని సైన్సు జర్నలిజం అంటారు. గొంతుతో చెప్పి రికార్డు చేసి ఫోనుల్లోకి పంపితే పాడ్‌కాస్ట్ అంటున్నారు.

"అదంతా తెల్లకోటు వేసుకున్నోళ్ళ సంగతి, కూలికి పోయేవాళ్ళకెందుకు మాస్టారూ" అని వెనక కూర్చున్న అన్న ఒకరు అననే అన్నారు. ఆ మాటకి జవాబు చెప్పడానికే నిలబడ్డాం.

మన నేలే ప్రయోగశాల

తెల్లకోటు వాళ్ళు మనకి దూరంగా ఏం లేరు. గుంటూరు పక్కన లాం ఫారం 1922 నుంచి ఉంది. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది. కాని వాళ్ళ ప్రయోగం ఫారం కంచె దగ్గర ఆగిపోతుంది. కంచె దాటాక అసలు ప్రయోగం జరిగేది నల్లరేగడి చేలల్లో, మన వీపుల మీద.

1980లలో పైరెత్రాయిడ్లు అనే కొత్తరకం మందులు పత్తికి వచ్చాయి. మొదట్లో కాయతొలిచే పురుగు పటపటా రాలింది. బాగా పనిచేస్తోంది గదా అని మళ్ళీ మళ్ళీ కొట్టారు. ఆ మందు చెడ్డ పురుగుతో పాటు, తెల్లదోమను తిని బతికే మంచి పురుగుల్నీ చంపేసింది. తినేవి లేక తెల్లదోమ చేల మీద విరుచుకుపడింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి కుప్పకూలింది. అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఎకరాకి నష్టమెంత, బ్యాంకు బాకీ ఎంత అన్న లెక్కలు అప్పట్లో నలుగురూ మాట్లాడుకున్నారు. మాట్లాడవలసిందే. కాని ఆ మందుని బిందెలో కలిపిన ఆడకూలికి ఏమయింది? పంపు వీపున మోసిన పాలేరుకి ఏమయింది? ఆ లెక్క ఎవరి పుస్తకంలో ఉంది?

ఇలాంటి లెక్క తియ్యడం కుదరదని కాదు. 2003 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా, మందులు ఎక్కువగా కొట్టే రోజుల్లో, మన దేశంలో మూడు పత్తి గ్రామాల్లో పరిశోధకులు లెక్క తీశారు. అది 2005లో అచ్చయింది. 50 మంది ఆడవాళ్ళు తమకి ఏమయిందో, తమ ఇంటి మగవాళ్ళు 47 మందికి ఏమయిందో చెప్పారు. వాళ్ళు చెప్పిన సందర్భాలు 323. వాటిలో 83.6 శాతం సందర్భాల్లో విషం సోకిన గుర్తులు తేలాయి. ఇంకో సంగతి కూడా బయటపడింది. భూస్వాములకన్నా చిన్న పేద రైతులకే తీవ్రమైన విషం ఎక్కువగా తగిలింది. అంటే విషానికి కూడా ఎక్కడ దిగాలో తెలుసన్న మాట!

ఈ అధ్యయనం ఇంగ్లీషులో అచ్చయింది. అందులో చెప్పిన సంగతి తెలుగులో పత్తి తీసే అక్కల చెవిలో పడాలి. అక్కడ ఒక మనిషి లేడు. చదివి, అర్థం చేసుకుని, మన మాటల్లో చెప్పే మనిషి లేడు. ఆ ఖాళీ పేరే సైన్సు జర్నలిజం. ఆ ఖాళీలో మన పిల్లలు నిలబడాలని మా వాదన.

మిరపకాయకి వచ్చిన నోబెల్

ఇంకో ఉదాహరణ. 2021లో వైద్యానికి ఇచ్చే నోబెల్ బహుమతి డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపౌటియన్ అనే ఇద్దరికి వచ్చింది. వేడి, చలి, తాకిడి మన ఒంటికి ఎలా తెలుస్తాయో కనిపెట్టినందుకు ఇచ్చారు. జూలియస్ దేనితో కనిపెట్టాడో తెలుసా? మిరపకాయతో! మిరపలో ఘాటుకి కారణమైన పదార్థం పేరు కాప్సైసిన్. అది మన నరాల చివర ఉండే ఒక తలుపును తడుతుంది. నిప్పు తగిలినప్పుడు తెరుచుకునే తలుపు కూడా అదే. అందుకే నిప్పు లేకపోయినా ఒళ్ళు కాలినట్టే ఉంటుంది. ఆ తలుపును 1997లో ఆయన బృందం గుర్తించింది.

ఇప్పుడు చెప్పండి. మిరపకోతకి పోయి, యార్డుల దగ్గర, కోల్డు స్టోరేజిల దగ్గర తొడిమలు తీసి, రాత్రి చేతులు భగభగ మండి నిద్రపట్టని అక్కలు ఈ సభలో ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూశారా, ఆడవాళ్ళలో సగం మంది ఎత్తారు. ఈ నోబెల్ వార్త మీకు ఎవరన్నా చెప్పారా? ప్రపంచంలో ఈ సంగతి మీకన్నా బాగా చేతుల్తో తెలిసినవాళ్ళు లేరు. అయినా వార్త మీ పక్కనుంచి వెళ్ళిపోయింది.

అదే మన పిల్ల ఒకతె ఆ వార్త రాసి ఉంటే ఏం చేసేది? బహుమతి ఎంత, ఎవరికి అన్నది రెండు ముక్కల్లో చెప్పేది. ఆ తర్వాత, "అమ్మా, కాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే చేతులు చల్లనీళ్ళ బిందెలో పెట్టుకుంటే ఆ కాసేపే హాయి. ముందు నూనె రాసి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడుక్కోండి. ఆ చేతుల్తో పసిబిడ్డ కళ్ళు ముట్టుకోవద్దు" అని చెప్పేది. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వేసేది: కోతకి పిలిచినవాళ్ళు చేతితొడుగులు ఎందుకివ్వరు? ఒకే వార్త. రాసే చెయ్యి మారితే ప్రశ్న మారుతుంది.

రాసే చేతులు ఎవరివి?

తెలుగులో సైన్సు రాయడానికి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. విజ్ఞాన చంద్రికా మండలి 1906లో పుట్టింది. నండూరి రామమోహనరావు విశ్వరూపం, నరావతారం రాశారు. మహీధర నళినీమోహన్ పిల్లలకి అర్థమయ్యేట్టు రాశారు. కొడవటిగంటి రోహిణీప్రసాద్ చివరిదాకా రాశారు. జనవిజ్ఞాన వేదిక వాళ్ళు చెకుముకి పత్రిక తెచ్చారు. ఇవన్నీ మన పిల్లలు చదవాలి. మా బడి బీరువాలో ఉన్నాయి, వచ్చి తీసుకెళ్ళండి. నక్షత్రాల గురించి, మనిషి పుట్టుక గురించి ఇంత చక్కగా చెప్పినవాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి మనకి సిగ్గేం లేదు.

కాని పత్రికా కార్యాలయాల గుమ్మం సంగతి వేరు. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు ఢిల్లీలో ఒక దళిత విలేఖరి కోసం వెతికాడు. గుర్తింపు కార్డులున్న వందలాది మందిలో ఒక్కరు కూడా దొరకలేదని ద పయనీర్ పత్రికలో రాశాడు. ఇరవై ఏళ్ళు దాటాక, 2019లో ఆక్స్‌ఫాం ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి ఇంకో లెక్క తీశాయి. పత్రికల్లో, టీవీల్లో, వెబ్‌సైట్లలో పెద్ద కుర్చీలు 121 లెక్కపెడితే 106 కుర్చీల్లో అగ్రకులాలవాళ్ళే ఉన్నారు. ఎస్సీ, ఎస్టీలు సున్నా. బాబాసాహెబ్ 1920 జనవరి 31న మూక్‌నాయక్ పెట్టింది ఇందుకే గదా! మన మాట మోసే పత్రిక మనకి లేకపోతే మన పని మాత్రమే మిగులుతుంది, మన మాట మిగలదు.

కేసెట్లు నడిపిన నర్సమ్మలు

"మాటలు బాగానే ఉన్నాయి, మనోళ్ళు ఎవరన్నా చేసి చూపించారా" అని అడగొచ్చు. చేశారు. మన జిల్లాల్లో కాదు, తెలంగాణలో, జహీరాబాదు దగ్గర. పాత మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ 1983లో మొదలై దళిత ఆడవాళ్ళ సంఘాలతో పనిచేసింది. దాన్ని నడిపిన పి.వి. సతీష్ దూరదర్శన్‌లో పనిచేసి వచ్చినవారు, 2023 మార్చిలో కన్నుమూశారు.

1990ల చివర్లో యునెస్కో సాయంతో మాచనూరు గ్రామంలో రేడియో కోసం ఒక గది కట్టుకున్నారు. దాన్ని నడపడానికి నిలబడింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ దళిత యువతులు. మైకులున్నాయి. రికార్డు చేసే మిషన్లున్నాయి. మాట్లాడేవాళ్ళున్నారు. లేనిదల్లా సర్కారు లైసెన్సు.

గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9నే తీర్పు చెప్పింది. తీర్పు తీర్పే, లైసెన్సు లైసెన్సే. స్వచ్ఛంద సంస్థలు సముదాయ రేడియో పెట్టుకోవచ్చని కేంద్రం ఒప్పుకునేసరికి 2006 వచ్చింది. మాచనూరులో సంగం రేడియో గాలిలోకి ఎక్కింది 2008 అక్టోబరు 15న. దాన్ని ప్రారంభించింది ఎవరనుకున్నారు? ఆ 1995 తీర్పు రాసిన జడ్జి పి.బి. సావంతే.

మరి ఈ మధ్య పదేళ్ళూ నర్సమ్మలు చేతులు ముడుచుకుని కూర్చున్నారా? లేదు. కేసెట్ల మీద రికార్డు చేశారు. సంఘం మీటింగుల్లో టేప్ రికార్డరు మధ్యలో పెట్టి వినిపించారు. విత్తనం ఎలా దాచాలి, జొన్న, సజ్జ, కొర్ర ఎలా పండించాలి, ఒంట్లో బాగోకపోతే ఏం చెయ్యాలి, ఇవన్నీ వాళ్ళ యాసలోనే. పిల్లలారా, ఇది జాగ్రత్తగా వినండి. గొంతు రికార్డు చేసి, గాలిలోకి ఎక్కించకుండా, వినేవాళ్ళకి నేరుగా చేర్చడం, వాళ్ళకి వీలైనప్పుడు వినడం. దీన్నే ఇవాళ పాడ్‌కాస్ట్ అంటున్నారు. ఆ పేరు ఇంగ్లీషులో పుట్టింది 2004లో. పేరు పుట్టకముందే పని మనోళ్ళు చేశారు.

కెమెరా పట్టిన అక్కలు

అదే సంఘాల ఆడవాళ్ళు కెమెరా కూడా పట్టారు. 2002 మార్చి 26న కేంద్రం బీటీ పత్తికి అనుమతిచ్చింది. పురుగు రాదు, మందు కొట్టక్కర్లేదు, దిగుబడి పొంగుతుంది అని ప్రచారం ఊదరగొట్టారు. ఈ అక్కలు వరంగల్ జిల్లాకి పోయారు. విత్తనం పడ్డ దగ్గర్నుంచి పత్తి తీసేదాకా చిన్నరైతుల చేలకి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, చెట్టునీ మనిషినీ చిత్రం తీశారు. వరంగల్ రైతులకి బీటీ పత్తి మీద కోపమెందుకు అన్న అర్థం వచ్చే పేరుతో 2003లో ఆ చిత్రం వచ్చింది. 2005లో, మూడేళ్ళ పంటల్నీ చూశాక, ఇంకోటి తీశారు.

2005 మేలో కేంద్ర కమిటీ ఆ మొదటి మూడు బీటీ రకాలకీ మన రాష్ట్రంలో అనుమతి పొడిగించలేదు. 2006లో మన రాష్ట్ర ప్రభుత్వం విత్తనం ధర మీద కంపెనీతో తగాదాకి దిగింది. అప్పటిదాకా 1,600 రూపాయలు పైబడి అమ్మిన 450 గ్రాముల పొట్లాం 750కి దిగింది. ఇదంతా ఆ చిత్రాల వల్లే జరిగిందని మేం చెప్పం. రైతు సంఘాలు, శాస్త్రవేత్తలు, అధికారులు చాలామంది పనిచేశారు. కాని ఆ సాక్ష్యాల్లో దళిత ఆడవాళ్ళ సాక్ష్యం కూడా ఒకటి. అది ఇక ఎవరూ చెరపలేరు.

ఇక్కడ ఇంకో మాట. తర్వాత వేరే బీటీ రకాలు వచ్చి దాదాపు పత్తి చేలన్నిటినీ పట్టేశాయి. బీటీ వరమనేవాళ్ళున్నారు, బీటీ మోసమనేవాళ్ళున్నారు. సైన్సు విలేఖరి ముందు పని ఏదో ఒక జెండా పట్టుకోవడం కాదు. అది ఎలా పనిచేస్తుందో చెప్పడం. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి తీసిన జన్యువు అది. కాయతొలిచే పురుగు ఆకు కొరికితే దాని కడుపులో విషమవుతుంది. రసం పీల్చే పచ్చదోమకి, తామర పురుగుకి దానితో పనిలేదు. ఈ ఒక్క ముక్క అర్థమైతే, బీటీ వేసిన చేలో కూడా దోమకి మందెందుకు కొట్టాల్సొస్తోందో కూలివాడికి తెలుస్తుంది. పురుగు కూడా ఊరుకోదు. 2010లో గుజరాత్‌లో గులాబీరంగు పురుగు మొదటి బీటీ జన్యువుని తట్టుకుంటోందని కంపెనీయే ఒప్పుకుంది. ఇది తెలిసినవాణ్ణి విత్తనాల కొట్టులో మాటలతో మభ్యపెట్టడం కష్టం.

మనకి కొట్టే అప్పు ఇస్తుంది

మీలో కౌలు చేసేవాళ్ళకి మేం కొత్తగా చెప్పేదేం లేదు. విత్తనం, మందు అమ్మే కొట్టే చాలాచోట్ల అప్పు కూడా ఇస్తుంది. ఏ మందు కొట్టాలో కూడా అక్కడే చెబుతారు. అప్పు ఇచ్చినవాణ్ణి "ఈ మందెందుకు" అని అడిగే నోరు ఎవరికుంటుంది? 2021 చివర్లో నల్ల తామర పురుగు మన మిరప మీద పడ్డప్పుడు ఏం చూశాం? ఒకదాని మీద ఒకటి మందులు కొట్టారు, అయినా చేలు దున్నేసినవాళ్ళున్నారు. పురుగు వలస వచ్చిన కొత్తరకమని, పాత మందులన్నీ దానికి పనిచెయ్యవని పల్లెకి ముందే తెలియాల్సింది.

కొట్టు బాకీ లేని గొంతు ఒకటి పల్లెకి కావాలి. ఆ గొంతు మన ఇంటి పిల్లదైతే ఇంకా మంచిది.

మేం చదువు చెప్పే బడిలో ఒక పని చేయించాం. మందు డబ్బాతో పాటు ఒక కాగితం ఇవ్వాలని, అది ప్రాంతీయ భాషలో కూడా ఉండాలని 1971 నియమాలు చెబుతున్నాయి. కాగితమైతే ఉంటుంది. అక్షరాలు చీమతలకాయలంత. భాష తెలుగే, కాని తెలుగువాడికి అర్థం కాదు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె దాన్ని మన మాటల్లోకి మార్చి ఫోన్లో నాలుగు నిమిషాలు చదివింది. డబ్బా మీద త్రికోణం రంగు చూడండి. ఎరుపైతే అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆఖర్న ఆకుపచ్చ. ఆకుపచ్చైనా విషమే అని చెప్పింది. మందు కొట్టాక చొంగ కారినా, చెమటలు పట్టినా, కంటిపాప చిన్నదై చూపు మసకేసినా అది ఎండదెబ్బ అనుకోవద్దు, బట్టలు విప్పి ఒళ్ళు కడిగి 108కి ఫోన్ చెయ్యండి, డబ్బా కూడా ఆస్పత్రికి తీసుకెళ్ళండి అని చెప్పింది. కోతకి పోయే అక్కల వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

మర్నాడు ఆ అక్కలు ప్రశ్నలు పంపారు. "మందు కొట్టిన ఎన్నాళ్ళకి కోతకి దిగాలి?" "పాలిచ్చే తల్లి ఆ చేలోకి పోవచ్చా?" ఆ ప్రశ్నలు పట్టుకుని పిల్ల 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్‌కి ఫోన్ చేసింది, ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సమ్మని అడిగింది, రెండో భాగం చేసింది. స్టూడియో లేదు, పెట్టుబడి లేదు. దుప్పటి కప్పుకుని చప్పుడు రాకుండా రికార్డు చేసింది. అదీ సైన్సు జర్నలిజమే. వినేవాళ్ళు అడగడం మొదలుపెట్టారంటే పని జరిగినట్టే.

బతుకు సంగతి

ఇప్పుడు తల్లిదండ్రుల ప్రశ్న. "ఇది చేస్తే కూడు దొరుకుతుందా?" అబద్ధం చెప్పం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల సీట్లలో రిజర్వేషన్ ఉంది, ప్రైవేటు పత్రికల ఉద్యోగాల్లో లేదు. పల్లె విలేఖరులకి చాలాచోట్ల జీతం ఉండదు, అచ్చయిన వార్త కొలిచి ఇంత అని ఇస్తారు. పైగా ప్రకటనలు తెమ్మంటారు. ప్రకటనలిచ్చేది మందుల కంపెనీయే అయితే మందు మీద వార్త ఎలా రాస్తాడు? సైన్సుని ప్రజల్లోకి తీసుకెళ్ళడానికి కేంద్రం 1989లో పెట్టిన విజ్ఞాన్ ప్రసార్‌ని కూడా 2023లో మూసేశారు. సముదాయ రేడియోకి లైసెన్సు దొరికినా సొంతంగా వార్తలు చెప్పనివ్వరు. పాడ్‌కాస్ట్‌కి లైసెన్సు అక్కర్లేదు, కాని దానితోనే ఇల్లు గడిచేవాళ్ళు కొద్దిమంది.

అందుకని మా సలహా ఇది. ముందు ఒక కాలు గట్టిగా నేల మీద ఆనించండి. బీఎస్సీ గాని, అగ్రికల్చరు గాని, నర్సింగు గాని చదవండి. సైన్సు చదివినవాళ్ళకే సైన్సు వార్త రాయడంలో పట్టు దొరుకుతుంది. ఆ పైన నాగార్జున విశ్వవిద్యాలయంలో జర్నలిజం ఉంది, ఉస్మానియాలో 1954 నుంచి ఉంది. ఇంగ్లీషు నేర్చుకోండి, పరిశోధన కాగితాలు చదవడానికి అది కావాలి. తెలుగు మర్చిపోకండి, చెప్పడానికి అది కావాలి.

రేచెల్ కార్సన్ అనే అమెరికా ఆవిడ సంగతి తెలుసుకోండి. జీవశాస్త్రం చదివింది. తండ్రి పోయాడు, తల్లిని పోషించాలి. 1935లో చేపల శాఖలో రేడియో ప్రసంగాలు రాసే చిన్న పనికి చేరింది. ఆ పనిలోనే చెయ్యి తిరిగింది. 1962లో పురుగుమందుల మీద సైలెంట్ స్ప్రింగ్ అనే పుస్తకం రాసింది. మందుల కంపెనీలు విరుచుకుపడ్డాయి. ఆమె ప్రతి మాటకీ ఆధారం చూపించింది. 1972లో ఆ దేశంలో పంటలకి డీడీటీ వాడకం ఆగిపోయింది. ఆమె అప్పటికే చనిపోయింది. ఒక జీతం, ఒక రేడియో పని, ఒక చదువు, ఒక మొండిపట్టు. దారి ఇలాగే ఉంటుంది.

మన దేశంలో ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో 2002లో ఖబర్ లహరియా పత్రిక మొదలైంది. దళిత ఆడవాళ్ళు నడిపారు. తర్వాత ఫోన్లు పట్టుకుని వీడియోలకి మారారు. వాళ్ళ మీద తీసిన చిత్రం 2022లో ఆస్కార్ పోటీ దాకా పోయింది. చదువు తక్కువ అన్న సాకు వాళ్ళు వినలేదు.

పని నియమాలు

ఈ పనికి దిగే పిల్లలు ప్రతి వార్తనీ మూడు ప్రశ్నలు అడగండి. ఎవరు చెప్పారు? ఎంతమంది మీద, ఎన్నాళ్ళు చూసి చెప్పారు? దానికి డబ్బు ఎవరు పెట్టారు? జవాబు రాకపోతే వార్త ఆపండి.

కాగితం కావాలంటే సమాచార హక్కు చట్టం 2005 ఉంది. మన రాష్ట్ర నియమాల్లో గ్రామస్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. తెల్లకార్డు వాళ్ళకి అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. మన మండలంలో ఎన్ని మందుల నమూనాలు పరీక్షకి పంపారు, ఎన్ని నకిలీవని తేలాయి అని అడగండి. 2023 నవంబరులో కేంద్రం 15,000 మహిళా సంఘాలకి డ్రోన్లు ఇస్తామంది. మన మండలంలో ఏ సంఘానికి వచ్చింది? అందులో మన పల్లె సంఘం ఉందా? డ్రోను వస్తే మందు కొట్టే కూలి వీపుకి విషం తప్పుతుంది, కూలి డబ్బులూ తప్పుతాయి. రెండూ రాయాలి. ఒకటే రాస్తే సగం వార్త.

మనవాళ్ళు చెప్పింది గదా అని కూడా నమ్మొద్దు. మంత్రం వేస్తే తేలు విషం దిగుతుందని మన ముసలాయన చెప్పినా, మందు కొట్టేటప్పుడు సారా తాగితే విషం ఎక్కదని మన అన్న చెప్పినా, అది తప్పని మొహం మీదే చెప్పాలి. మర్యాదగా చెప్పాలి, కాని చెప్పాలి. తాగినవాడికి విషం సోకినా తెలియదు, అంతే తేడా.

ఈ ప్రశ్న మనకి కొత్త కాదు

కారంచేడు మర్చిపోయినవాళ్ళు ఈ సభలో ఉండరు. 1985 జూలై 17న ఆరుగురు మాదిగ బిడ్డల్ని చంపారు. ఆ గొడవ దేని దగ్గర మొదలైంది? మంచినీళ్ళ చెరువు దగ్గర. మేం తాగే నీళ్ళల్లో గేదెల కుడితి మురికి కలపొద్దు అన్న మాట దగ్గర. మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది ఆ మాట మీదే. తాగే నీళ్ళల్లో ఏం కలుస్తోంది అన్నది ఆత్మగౌరవం ప్రశ్న. అదే ఆరోగ్యం ప్రశ్న, సైన్సు ప్రశ్న కూడా. మన వాళ్ళు ప్రాణాలిచ్చి అడిగిన ప్రశ్నని మన పిల్లలు కొలిచి, లెక్క రాసి, మైకులో అడగాలి.

చివరిగా సంఘం వాళ్ళకి మూడు పనులు చెబుతున్నాం. ఒకటి, పల్లెకి ఒక పిల్లని, ఒక పిల్లాణ్ణి ఎంచుకోండి. వాళ్ళకి ఒక మంచి ఫోను, నెలనెలా రీచార్జి సంఘం డబ్బుల్లోంచి ఇవ్వండి. పెళ్ళిళ్ళకి పందిరి వేయించే సంఘాలకి ఇది భారం కాదు. రెండు, వారానికి ఒక రోజు, కూలినుంచి వచ్చాక, ఆ రికార్డింగు అందరూ కలిసి వినండి. తప్పుంటే దిద్దండి, ప్రశ్న ఉంటే అడగండి. మూడు, ఆ పిల్ల ఏ కొట్టువాడికో ఏ పెత్తందారుకో నచ్చని మాట చెప్పిన రోజున పల్లె మొత్తం ఆమె వెనక నిలబడాలి. ఈ మూడోది చెయ్యలేకపోతే మొదటి రెండూ దండగ.

తల్లిదండ్రులారా, పిల్ల నర్సు కావాలంటే కానివ్వండి, టీచరు కావాలంటే కానివ్వండి. ఆ కొలువుతో పాటు ఈ మైకు కూడా చేతికివ్వండి. విత్తనం, మందు, యంత్రం మన మీదికి వస్తూనే ఉంటాయి. వచ్చినప్పుడల్లా వాటి సంగతి వాటిని అమ్మేవాడి నోటినుంచే వింటామా, మన పిల్ల నోటినుంచి వింటామా అన్నది ఇవాళ తేల్చుకుని లేవండి. పేర్లు రాసుకోవడానికి పుస్తకం ఇక్కడ బల్ల మీద ఉంది.

జై భీమ్.